గంట గొర్రె పోయాక

కరూ మైదానంలో జూలై అంటే
బకెట్లో నీళ్లు రాయయ్యే నెల.
తెల్లారి ఐదింటికి కొండ దిగుతాను,
పైనున్న పెద్ద అద్దానికి వెలుతురు తగలకుండా
హెడ్‌లైట్లు ఆర్పి, గతుకుల్ని గుర్తుపెట్టుకుని.
గేటు దగ్గర ఫ్లోరిస్ బాంటమ్ ఉంటాడు,
చంకలో కర్ర, ఫ్లాస్కులో ఎర్ర టీ.
"ఏం పడింది నొలువుయో, ఈ రాత్రి?"
వల వేసి వచ్చినదాన్ని అడిగినట్టు.

ఒక నక్షత్రం, అన్నాను.
ఒంటరిదే. నడక మాత్రం ఒంటరిది కాదు.
నలభై రోజులు మనవైపు వస్తుంది,
వెలుగు రవ్వంత నీలం తిరుగుతుంది.
నలభై రోజులు వెనక్కి పోతుంది,
రవ్వంత ఎరుపెక్కుతుంది.
దేని చుట్టూనో తిరుగుతోంది.
ఆ చోట చూస్తే
మూడు గంటలు చూసినా
చూసిన కళ్లే మిగిలాయి.

అతనేమీ ఆశ్చర్యపోలేదు.
"చీకట్లో మంద ఉన్నట్టుండి విల్లులా వంగిందనుకో,
నక్క నాకు కనబడక్కర్లేదు.
ఆ వంపు లోపల ఉంటుందది."

అదే, సరిగ్గా అదే, అన్నాను తొందరపడి.
పగలంతా పరదాలు వేసుకుని పడుకున్నా
నిద్ర పట్టలేదు.
అది నక్క కాదు.

మర్నాడు మంచు కురిసింది.
గేటు గొళ్లెం చేతికి అంటుకుపోతోంది.
అదీ ఒకప్పుడు నక్షత్రమే, ఫ్లోరిస్.
ఇప్పుడు తిరుగుతున్నదానికన్నా పెద్దది,
పెద్దది కాబట్టే తొందరగా ఖర్చయిపోయింది.
ఉన్నదంతా కాల్చింది. బూడిదను మళ్లీ కాల్చింది.
ఆ బూడిద బూడిదను కూడా.
ఒక్కో పొయ్యి
ముందటి పొయ్యికన్నా తక్కువ కాలం మండింది.
చివరికి కడుపులో ఇనుము మిగిలింది.
ఇనుమును మండించి వేడి పుట్టించడం
ఏ నక్షత్రం తరమూ కాదు.
అంతదాకా లోపలి వేడే పైబరువును మోస్తోంది.
నువ్వు ఉన్నికత్తెర ఒక్కసారి మూసేంతసేపట్లో
ఆ గుండె కూలిపోయింది.

"కూలి ఎక్కడికి పోయింది?"
లోపలికే.
తన వెలుగు తననుంచే బయటపడలేనంత లోపలికి.

అతను గొళ్లెం వైపు చూశాడు.
చేతి తొడుగు తీసి, దాని తుప్పును
బొటనవేలితో కాసేపు రుద్దాడు.

"మరి పక్కదాన్ని మింగెయ్యదా?"
దగ్గరికొచ్చి ఒరుసుకుంటే మింగుతుంది.
ఇది దూరంగానే ఉంది.
బరువు చాలావరకు ఆ చోటే ఉంది కదా,
దారికి కావలసింది బరువే, వెలుగు కాదు.
మన సూర్యుడికి అంత ఒళ్లు లేదు గానీ,
రేపది అలా నల్లబడిందనుకున్నా
భూమి ఇదే బాటలో తిరుగుతుంది.
గడ్డి ఉండదు. నువ్వుండవు, నేనుండను.
బాట ఉంటుంది.

టీ చల్లారిపోయింది. పారబోశాడు.
మంచులో ఎర్రటి గుంట పడింది.

"స్కిల్పాట్ తెలుసుగా నీకు, నా గంట గొర్రె.
నిరుడు ఇలాంటి మంచులోనే పోయింది.
గంట విప్పి వంటింట్లో మేకుకి తగిలించా.
మంద చెదిరిపోతుందనుకున్నా.
నెలన్నర పాటు, సాయంత్రమయ్యేసరికి
గంట మోగకుండానే
అది తిప్పిన పొద చుట్టూనే తిరిగి
దొడ్లోకి వచ్చేవి."
కాసేపాగి,
"నేనూ వాటి వెనకే. కుక్క కూడా."

కారు ఎక్కుతుంటే అడిగాడు,
నీ చుక్కకి పేరుందా?
పదకొండు అంకెలున్నాయి, చెప్పాను.
"అంకెలు వేలానికి తోలేవాటికి వేస్తాం," అని
ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి పట్టికలో
జోడీ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
కనబడలేదు, అని రాశాను.
అది నిజమే గానీ చాలలేదు.
పక్క గడి అంచు దాటిపోతున్నా
చిన్న అక్షరాలతో ఇరికించాను:
బరువు ఉంది.
ముందు వెలిగింది.

తెల్లారి ఐదు. గాలి. గేటు నేనే వేశాను.